టేకుమట్లలో రాజమౌళి జీతం కుదిరిన రోజు

రాజమౌళిని నేను మొదటిసారి చూసింది జనగామ గ్రంథాలయంలో. అప్పుడు నేనక్కడ ఉద్యోగంలో ఉన్నాను. వానకాలం, పొద్దున పూట. సైకిలు గోడకు ఆనించి, చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు.

"సార్, కుర్చీల బొమ్మలున్న పుస్తకం ఏదన్న ఉన్నదా? మామూలు కుర్చీ కాదు. మెడ నిలువని పిల్లగాడు కూసునేది."

అట్లాంటి పుస్తకం మా దగ్గర లేదు. వడ్రంగం పని గురించిన పాత పుస్తకం ఒకటి ఉంటే ఇచ్చాను. వారం తర్వాత తెచ్చిచ్చి, "ఇండ్ల ఆ బొమ్మ లేదు గని, చూస్తుంటె ఉపాయం తట్టింది సార్" అన్నాడు. గోడ మూలలాగా రెండు చెక్కలు, ముందర ఒక అడ్డపట్టీ. దంతాలపల్లి వడ్రంగితో వేపకర్రతో చేయించాడట. సైకిలు వెనక కట్టుకుని ఊరూరా తిప్పుతున్నాడు. పిల్లవాణ్ణి ఆ మూలలో కూర్చోబెడితే వీపు నిలుస్తుంది, చేతులు ఖాళీ అవుతాయి. అప్పటిదాకా మంచంలో పడుకునే లోకాన్ని చూసిన పిల్లవాడు వాకిట్లోకి చూస్తాడు.

అతనిది దంతాలపల్లి. మానుకోటలో ఇంటర్ దాకా చదివి ఆపేశాడు. ఎవరో ఇంటింటి లెక్క రాసే పనికి రోజు కూలీ మీద పిలిస్తే పోయాడు. ఆ కాగితాల్లో కాళ్ళు చేతులు పడిపోయిన పిల్లల కోసం ఒక గడి ఉండేదట. చాలా ఇళ్ళలో ఆ పిల్లల పేరు చెప్పేవాళ్ళే కాదు. రాసుకుని వెళ్ళిపోవాల్సినవాడు మళ్ళీ మళ్ళీ ఆ ఇళ్ళకే పోవడం మొదలుపెట్టాడు. అట్లా పుట్టింది 'నడక' అనే సంస్థ. పేరు అట్లా పెట్టారు కాని అందరూ నడవలేదు. కొందరు నడిచారు. కొందరు కూర్చోగలిగారు. కొందరు తమ చేత్తో తాము అన్నం కలుపుకోగలిగారు. ఆ మూడోదే అన్నిటికన్నా పెద్దదని రాజమౌళి అంటుండేవాడు.

పాతికేళ్ళు గడిచేసరికి దంతాలపల్లిలో, బయ్యారంలో, టేకుమట్లలో ఒక్కొక్క కేంద్రం, జనగామలో ఆఫీసు ఏర్పడ్డాయి. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక నన్ను కమిటీలో వేశాడు. ఏడుగురం. మూడు నెలలకోసారి కూర్చునేవాళ్ళం. అధ్యక్షుడు హన్మంత్ రావుగారిది రైసు మిల్లు. మంచి మనిషే, తొందర ఎక్కువ. కాగితాలు చదవడం అయ్యేలోపు సంతకాలు అయిపోయేవి.

రాజమౌళి జీతం పెరిగిన తీరు చెప్పాలి. మొదట్లో నెలకు పన్నెండు వందలు. తర్వాత విదేశంలో ఉండే దాతల సంస్థ ఒకటి మాకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళ మనిషి వచ్చి చూసి, సంస్థ నడిపేవాడికి ఇంత తక్కువ జీతమైతే రేపు ఇతను లేనినాడు ఎవరొస్తారని అడిగాడు. ఆ మాటలో తప్పు లేదు. వాళ్ళే పెంచమన్నారు, మేం పెంచాం. ఏటా కొంత. చివరికి నెలకు తొంభై రెండు వేలయింది. ఆ కాగితాలన్నిటి మీదా నా సంతకం కూడా ఉంది. సంతకం పెట్టేటప్పుడు, టేకుమట్లలో పిల్లల కాళ్ళు సాగదీసే ప్రమీలకు ఎంత ఇస్తున్నామని నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

ప్రమీలకు తొమ్మిదిన్నర వేలు. ఆ డబ్బు ఇంకో చోటు నుంచి, పట్నంలోని ఒక కంపెనీ నుంచి వచ్చేది. పోయిన డిసెంబరులో ఆ కంపెనీ చేతులెత్తేసింది. అప్పటి నుంచి కేంద్రాల్లో పనిచేసే ఆడవాళ్ళకు జీతాల్లేవు. రాజమౌళిది మాత్రం ఒకటో తారీకుకల్లా ఖాతాలో పడుతూనే ఉంది. దాతల సంస్థ అతని పేరు మీద పంపే డబ్బు వేరే పనికి వాడే వీలు లేదని కాగితంలో ఉంది.

ఉగాది ఇంకో రెండు వారాలుందనగా దాతల సంస్థ నుంచి కూడా ఉత్తరం వచ్చింది. వాళ్ళ దేశంలోనే డబ్బు తగ్గిందట. ఏప్రిల్ నుంచి సగం కూడా రాదు. ఆ సగాన్ని ఎట్లా వాడుకోవాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు.

కమిటీలో హన్మంత్ రావుగారే మాట్లాడారు.

"టేకుమట్ల మూసేద్దాం. దూరం. ఇరవై రెండు మంది పిల్లలు. మిగిలిన రెండూ నడుస్తయి. రాజమౌళి జీతం ముట్టుకోవద్దు. ఆయన పోతే కొత్త దాతలను తెచ్చేదెవరు? ఏమంటరు?"

రాజమౌళి బల్ల మీది గ్లాసును తిప్పుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "నేను పోయి వాళ్లకు చెప్పొస్త. ఫోన్ల చెప్పే ముచ్చట కాదు" అన్నాడు.

బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి, "సార్, మీరు గూడ రాండ్రి. ఒక్కన్ని పోలేను" అన్నాడు.

ఉగాది ఎల్లుండి అనగా బయలుదేరాం. అతని పాత కారులో హన్మకొండ, పరకాల మీదుగా పోయాం. మిర్చి ఆరబోసిన చోట కిటికీ అద్దం ఎత్తుకున్నాడు.

టేకుమట్లలో మా కేంద్రం ఒక అద్దె ఇల్లు. ముందు అరుగు, లోపల పెద్ద గది. మేం పోయేసరికి తల్లులు, నాయనమ్మలు, ఒకరిద్దరు తాతలు అందరూ వచ్చి ఉన్నారు. చాప మీద ప్రమీల ఒక పిల్లను కూర్చోబెట్టి చేతులు వదిలేసింది. ఆ పిల్ల పేరు శ్రేయ, ఆరేళ్ళది. పోయిన దసరాకు మెడ కూడా నిలిచేది కాదు.

"తొమ్మిది… పది… పదకొండు…" అని గదిలో అందరూ లెక్కపెడుతున్నారు. పద్నాలుగు దగ్గర శ్రేయ పక్కకు ఒరిగింది. ఒరుగుతూ నవ్వింది.

"సూస్తివా సారూ? మొన్న పది కాడ్నే పడె" అంది శ్రేయ నాయనమ్మ ఐలమ్మ. ఆమెకు డెబ్బై ఉంటాయి. ఈ పిల్లను చంకనేసుకుని రెండు కిలోమీటర్లు నడిచి వస్తుంది.

ఈ కసరత్తు ఆగిపోతే ఆ కండరాలు నెలరోజుల్లోనే మళ్ళీ బిగుసుకుపోతాయి. ఆ సంగతి గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు రాజమౌళి. అతను శ్రేయ వైపు చూడలేకపోయాడు. "అవ్వా, జర ఒక మాట చెప్పాలె" అని మొదలుపెట్టాడు.

"నువ్వు ఆగు. ముందుగాల మేం చెప్పాలె" అంది ఐలమ్మ. తలుపు వెనక నుంచి ఇద్దరు ఒక సంచిని ఈడ్చుకొచ్చారు. బియ్యం. దాని మీద మిరపకాయల మూట, కందిపప్పు మూట.

"ఏంది అవ్వా ఇది?"

"కాదనకు. ఇరవై రెండిండ్ల నుంచి తలా ఇంత తెచ్చినం. మూడు నెలల సంది జీతాల్లేవట గద. ప్రమీలను అన్నం తిన్నవా అని అడిగితె ఏడ్చింది, అప్పుడు తెలిసె. చిన్నోళ్ల సంగతే గట్లుంటె పెద్దోనివి, నీ సంగతేంది? ఆ అంగి సూడు, పోయినేడు గూడ గిదే ఏసుకున్నవ్."

ఆడవాళ్ళు నవ్వారు. ప్రమీల తల వంచుకుంది. ఆమె తన గురించీ తనతో పనిచేసే ఇద్దరి గురించీ మాత్రమే చెప్పింది. మిగతాది వాళ్ళే అనుకున్నారు. ఎందుకనుకోరు? ఆ ఊళ్ళలో నాట్లకు పోయే గుంపుకు కూలి అందలేదంటే గుంపు పెద్దకూ అందనట్టే. పెద్దకు ఒక సంచీ నుంచి, మిగతావాళ్ళకు ఇంకో సంచీ నుంచి డబ్బొచ్చే పని వాళ్ళు ఎన్నడూ చేయలేదు.

రాజమౌళి ఇంటి వెనక్కి పోయాడు. నల్లా తిప్పిన చప్పుడైంది. ముఖం కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, నాకు జీతం అందుతున్నది. ఒక్క నెల గూడ ఆగలే."

"అట్లనా? ఎంతొస్తది?" అంది నీలి. తండా నుంచి కొడుకును తీసుకుని వచ్చే మనిషి. మామూలుగా అడిగింది, కూర ఏం వండినవని అడిగినట్టు.

"తొంభై రెండు వేలు."

"ఏడాదికా?"

"నెలకు."

ఎవరో పిల్లవాడు గిలక్కాయను గోడకు కొడుతున్నాడు. ఐలమ్మ ముందుకు వంగి బియ్యం సంచిని తన వైపు గుంజుకుంది. దాన్ని చాప మీదుగా జరుపుకుంటూ పోయి ప్రమీల ముందర పెట్టింది.

"అయితె గివి నీయి కావు" అంది రాజమౌళితో. "బిడ్డా, నీకెంత?"

"తొమ్మిదిన్నర, అవ్వా. వచ్చినప్పుడు."

"హు" అంది ఐలమ్మ.

రాజమౌళి అక్కడితో ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయపడ్డాడేమో. ఉత్తరం సంగతి, కమిటీలో అన్న మాట, ఈ కేంద్రం మూసేసి తన జీతం ఉంచుతామన్న మాట, అన్నీ చెప్పేశాడు. కొందరు తల్లులు పిల్లల్ని దగ్గరకు తీసుకున్నారు. ప్రమీల అతని ముఖం వైపే చూస్తోంది. ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

"అందుకే నేనొకటి అనుకున్న" అన్నాడు రాజమౌళి. "నాకు జీతమే వద్దు. నేను ఉత్తగ చేస్త. సెంటర్ ఉంటది."

ఆ మాట వినగానే నా గుండె మీది బరువు దిగినట్టనిపించింది. వాళ్ళందరూ సంతోషిస్తారని ఎదురుచూశాను. ఐలమ్మకు కోపమొచ్చింది.

"ఉత్తగనా? ఉత్తగ ఎన్ని దినాలు చేస్తవ్? ఒక నెల వస్తవ్, రెండో నెల పనున్నదంటవ్. ఏందిరా అని నేనెట్ల అడగాలె? గా నీలి కొడుక్కి ఇచ్చిన బూట్లు కాలు కరుస్తున్నయి. నాలుగు నెలలాయె. నీకు చెప్పినమా?"

"చెప్పలే."

"ఎందుకు చెప్పలే? పాపం ఈయన ఏం తీసుకోకుండ తిరుగుతున్నడు, ఇంక ఈ ముచ్చట గూడ చెప్పాల్నా అని ఊకున్నం. జీతమున్నదని ఎరుకైతె గల్లా పట్టి అడుగుదుము గద!"

"పుండయింది సారూ" అంది నీలి, కొడుకు మడమ ఎత్తి చూపిస్తూ. "నేనే పసుపు రాస్తున్న."

రాజమౌళి ఆ మడమను చేతిలోకి తీసుకుని చూశాడు.

"లే. ఎల్లుండే ఉగాది. జీతగానికి జీతం మాట్లాడే దినాలే. ఇయ్యాలే మాట్లాడుకుందాం. రా, గీ అరుగు మీద కూసో" అంది ఐలమ్మ. ఆ ఊళ్ళలో జీతగాళ్ళకు, అంటే పాలేర్లకు, ఏడాది జీతం ఉగాదికే కుదురుతుంది.

అతను కూర్చోలేదు. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "వద్దవ్వా. కమిటీల రాసుకుంటం."

"కమిటీల రాసినోళ్లే గద తొంభై రెండు రాసింది" అని ఐలమ్మ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. "కూసో అంటున్న."

కూర్చున్నాడు. అందరూ అరుగు చుట్టూ చేరారు.

"నీ ఇల్లు ఎంతల గడుస్తది? అబద్ధం చెప్పకు."

"హన్మకొండల ఇంటి కిస్తు పద్దెనిమిది. బిడ్డ అక్షిత నర్సింగు చదువుతున్నది. అంత కలిపి నెలకు యాభై అయితది."

"కారుకెంత?" అంది నీలి.

"ఏడు వేలు పడుతది."

"బస్సుల రా. ఆడోళ్లం మేం టికెట్ లేకుండ ఎక్కుతం, నువ్వు కొనుక్కో."

మళ్ళీ నవ్వులు. ఈసారి రాజమౌళి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"నలభై మూడు" అన్నాడు.

"నలభై."

"అవ్వా, ఫీజు కట్టాలె."

"ప్రమీల పిల్లలకు ఫీజుల్లేవా?"

"నలభయే" అన్నాడు రాజమౌళి.

మూల కూర్చున్న ముసలాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "మరి ఏడాదికి గొంగడి, చెప్పుల జత? జీతగానికి ఇయ్యాలె గద."

"చెప్పులిస్తం, గొంగడి వద్దు, కారుల పోతడు" అని ఎవరో, "కారు లేదు గదనే ఇంక!" అని ఇంకెవరో. ఆ నవ్వుల్లో పిల్లలు కూడా కలిశారు.

పనులూ చెప్పారు. నెలకు రెండు మాట్లు టేకుమట్ల రావాలి. వచ్చిననాడు పొద్దుగూకేదాకా ఉండాలి. వికలాంగుల సర్టిఫికెట్ల కోసం భూపాలపల్లికి పోయేనాడు వెంట రావాలి. నీలి కొడుకు బూట్లు ముందు మార్చాలి. ప్రమీలకు జీతం పడని నెల అతనికీ పడొద్దు. ఈ ఆఖరిది నీలి చెప్పింది. నాకు మా కమిటీ రాసిన నియమాలన్నీ గుర్తొచ్చాయి. ఇరవై పేజీలుంటాయి. వాటిలో ఈ ఒక్క మాట లేదు.

అక్కడి నుంచే రాజమౌళి హన్మంత్ రావుగారికి ఫోను చేసి, అందరికీ వినబడేట్టు పెట్టాడు.

"నలభై ఏంది రాజమౌళి? గంత తక్కువ రాస్తే దాతలు మనది చిన్న సంస్థ అనుకుంటరు" అన్నారాయన.

"మనది పెద్దదా అయ్యా?" అంది ఐలమ్మ.

"ఎవరు మాట్లాడేది?"

"శ్రేయ నాయినమ్మను."

"అమ్మా, నేను చెడ్డకు చెప్తలేను. రేపు ఈయన పోతే నలభై వేలకు ఎవరొస్తరు? చదువుకున్నోళ్లు రారు."

"అప్పుడు మల్ల ఉగాదికి మాట్లాడుకుంటం. ఒక్కపారి మాట్లాడితె ఎల్లకాలమా?"

ఆయన నవ్వారు. మిల్లు చప్పుడులో ఆ నవ్వు దగ్గులా వినిపించింది. "సరే. రాసి పంపుండ్రి. సార్ గూడ ఆడ్నే ఉన్నడు గద, సంతకం పెట్టించు."

పెట్టాను. ఈసారి చదివి పెట్టాను.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మిగతా సభ్యులూ ఒప్పుకున్నారు. దాతల సంస్థ నాలుగు రోజుల్లో జవాబు రాసింది, రాజమౌళి జీతంలో మిగిలింది కేంద్రాలకు వాడుకోవచ్చని. ఈ మాట మేం అడిగితే ఎప్పుడో ఒప్పుకునేవాళ్ళేమో, మేమే అడగలేదు. టేకుమట్ల కేంద్రం నడుస్తోంది. ప్రమీల వాళ్ళ మూడు నెలల పాత జీతం మాత్రం ఒకేసారి ఇవ్వలేకపోయాం, ఆగస్టు దాకా పట్టింది. ఆలోపు ఒకామె మానేసి బట్టల దుకాణంలో చేరింది. తిరిగి రమ్మంటే రాలేదు. ఆమెను తప్పు పట్టలేం.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఎండ ఇంకా ఉంది. పరకాల దాటేముందు మిర్చీ బజ్జీల బండి దగ్గర కారాపాడు. ఇద్దరం బండి పక్కన బెంచీ మీద కూర్చున్నాం. ఆకులో పెట్టిచ్చిన మిర్చీలు తినకుండా చేతిలో పట్టుకుని అతనే మొదలుపెట్టాడు.

"మా నాయిన ఒక్క ఇంట్లనే ఇరవై ఆరేండ్లు జీతమున్నడు సార్. ఏటా ఉగాదికి వాళ్ల వాకిట్ల నిలవడేది. వాళ్లు అరుగు మీద, మా నాయిన కింద. పోయినేడు ఎద్దు కుంటయింది, నువ్వు సరిగ సూడలే అని తగ్గిస్తుండిరి. నేను పక్కన నిలవడి ఇంటుంటి. పెద్దగైనంక నా జీతం నలుగుర్ల ఎవ్వరు మాట్లాడొద్దు అనుకున్న. మీ కమిటీకి, మా ఇంటామె విజయకు తప్ప ఎవ్వరికి తెల్వదు, ప్రమీలకు గూడ."

బండి అతను నూనెలో ఇంకో వాయ వేశాడు.

"ముసలామె కూసో అంటె మా నాయిన నిలవడ్డ వాకిలి యాదికొచ్చింది. కూసున్నంక ఏం కాలే సార్. మా నాయినను ఒక్కనాడు గూడ కూసో అనలే వాళ్లు."

జేబులోంచి ఫోను తీసి భార్యకు చేశాడు. రెండుసార్లు పెట్టేసి మూడోసారి మోగనిచ్చాడు. విజయ గొంతు పెద్దది, నాకూ వినబడుతోంది.

"విజయా, జీతం తగ్గింది. ఏప్రిల్ నుంచి నలభయే. నేనే ఒప్పుకున్న. కారు అమ్మాలె."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"గింతేనా? నిజంగ గింతేనా?" అవతల ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పది దినాల సంది అన్నం ముట్టవు, అడిగితె చెప్పవు. గుండెకేమన్న అయి దవాఖాన కాయిదాలు దాస్తున్నవేమోనని బీరువ మొత్తం ఎతికిన. నీ పాత అంగీల జేబులు గూడ చూసిన. జీతమట జీతం! తగ్గితె తగ్గనియ్యి. ఇంటికి రా ముందు."

"గుండెకేం కాలే."

"రా అంటున్న గద."

ఫోను జేబులో పెట్టుకుని కాసేపు రోడ్డు వైపు చూశాడు. పత్తి లారీ ఒకటి పోయింది. తర్వాత ఆకులో చల్లారిపోయిన మిర్చీలు నాలుగూ వరసగా తినేశాడు. ఇంకో ఆకు పెట్టమన్నాడు.

"ఉల్లిగడ్డ ఎయ్యాల్నా అన్నా?" అన్నాడు బండి అతను.

"ఎయ్యి. బాగ ఎయ్యి" అన్నాడు రాజమౌళి.